ఇల్లు తోలుకొని ఇంటికి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు తోలి చూడు అని ఎవరూ అన్నట్టు లేదు. ఆ లోటు తీర్చే భాగ్యం నాకు దక్కింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ప్యూబ్లో అనే ఊరినుంచి, టెక్సాస్‌లో డల్లాస్ పక్కనున్న మా ఇంటి దాకా, సుమారు 650 మైళ్ళు, అంటే వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, యాభై ఏళ్ళు దాటిన ఒక ఇంటిని మూడు రోజులపాటు తోలుకొని వచ్చాను. పక్క సీట్లో మా నాయన.

ఇంతకూ ఆ ఇల్లు ఎలాంటిదంటే, లారీ చట్రం మీద కట్టిన ఒక గది. ముందు స్టీరింగు, వెనక సంసారం. ఒక గ్యాసు పొయ్యి, గిన్నెలు కడిగే తొట్టి, ఒక ఫ్రిజ్, మోచేతులు రెండు గోడలకూ తగిలేటంత స్నానాలగది, పగలు భోజనాల బల్లగా ఉండి రాత్రి మంచమైపోయే ఏర్పాటు ఒకటి. ఇక్కడ దీన్ని మోటార్ హోమ్ అంటారు. ఈ జాతి బళ్ళను మధ్యతరగతి వాళ్ళ ముంగిట్లోకి తెచ్చినవాళ్ళలో అయోవా రాష్ట్రం ఫారెస్ట్ సిటీకి చెందిన జాన్ హాన్సన్ ముఖ్యుడు. ఫర్నిచరు వ్యాపారం చేసుకునే ఆ పెద్దమనిషి, తమ చిన్న ఊరికి నాలుగు ఉద్యోగాలు రావాలని తోటి వర్తకులతో కలిసి పాటుపడగా, 1958లో అక్కడ ట్రైలర్ల కర్మాగారం వెలిసింది. 1966లో అందులోనుంచి మోటార్ హోమ్ బయటికి వచ్చింది. ఆ జిల్లా పేరే దానికి పెట్టారు: విన్నెబాగో. మేము కొన్నది 1972 నాటిది. డాడ్జ్ చట్రం, ఎనిమిది సిలిండర్ల ఇంజను, పక్క గోడల నిండా రెక్క విప్పినట్టుండే పెద్ద డబ్ల్యూ అక్షరం.

కొత్తవి దొరకవా, ఈ ముసలి బండి ఎందుకయ్యా అని అడగవచ్చు. కొత్తదాని ధరకు మా వీధిలో సగం ఇల్లు వస్తుంది. అదొక కారణం. అసలు కారణం మా అమ్మ. అమ్మ బయటి మెతుకు ముట్టదు. కాఫీ హోటలు కాఫీ కూడా తాగదు. అంచేత నాలుగుసార్లు అమెరికా వచ్చి, నాలుగుసార్లూ మా పెరడు చూసి తిరిగి తిరుపతి వెళ్ళిపోయింది. “అంత పెద్ద లోయ ఉందంట కదా” అని గ్రాండ్ కాన్యన్ గురించి అడుగుతుంది. “పోదాం పదమ్మా” అంటే, “నాలుగు దినాలు ఏం తినేది?” అంటుంది. వంటిల్లే వెంట వస్తే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది గదా అని నాకు తోచింది.

మా ఆవిడ ఫొటో చూసి, “ఇంట్లో ఉన్న పాత సామాను చాలలేదా?” అంది. అంతే, తర్వాత మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే భయం. నాయన మాత్రం ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. తిరుమల ఘాట్ మీద ఏళ్ళ తరబడి బస్సు నడిపాడు. 1944లో వేసిన పాత దారిన దిగడం, 1974లో వేసిన కొత్త దారిన ఎక్కడం, ఇదే ఆయన లోకం. అంతకు ముందు కొన్నాళ్ళు టాక్సీ తోలాడు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషనయింది. స్టీరింగు పట్టి ఇరవై ఏళ్ళయింది.

“నువ్వు ఒక్కడివే పోతావా దీన్ని తేవడానికి? నేనూ వస్తా” అన్నాడు. అమ్మ ఐదు నిమ్మకాయలు మూటకట్టి ఇచ్చింది. నాలుగు చక్రాల కిందకి, ఒకటి దారిలో దిష్టికి.

* * *

అమ్మినాయన మర్యాదస్తుడు. ఇంజను వేసి చూపించాడు, పొయ్యి వెలిగించి చూపించాడు. కాగితాలు, బీమా అన్నీ గంటలో తేలిపోయాయి. టైర్లు కూడా నిగనిగలాడుతున్నాయి. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. నేను తాళం తిప్పబోతుంటే నాయన కిందికి వంగి టైరు పక్క గోడను గోటితో గీకాడు.

“ఇది అరిగింది కాదురా, ఎండింది” అన్నాడు.

టైరు వయస్సు దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. అంచున అండాకారపు గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టార్చిలైటు వేసి చూస్తే 3209 అని ఉంది. అంటే 2009వ సంవత్సరం ముప్పైరెండో వారంలో పుట్టిన టైరు! కారు టైరు తిరిగి తిరిగి అరుగుతుంది. ఇలాంటి బండి ఏడాదికి పదినెలలు నిలబడే ఉంటుంది. గాడులు చెక్కుచెదరవు, లోపల రబ్బరు మాత్రం ఎండకూ గాలికీ పెళుసెక్కిపోతుంది. చూపుకు కొత్తది, వేడెక్కితే పేలేది. ముందు రెండు, వెనక జంటలు రెండు, వెరసి ఆరు టైర్లు. ఆరూ మార్పించేసరికి నేను మిగిల్చాననుకున్న డబ్బులో సింహభాగం ప్యూబ్లోలోనే దిగిపోయింది.

కొట్టువాడి ముంగిట్లోనే నిమ్మకాయలు పెట్టాం. వెనక జంటకు కలిపి ఒకటి చాలని నాయన తీర్పు ఇచ్చాడు. అక్కడి కుర్రాళ్ళు పని ఆపి చూస్తుండగా నాలుగు కాయలూ టక్ టక్‌మని నలిగాయి. ఐదోది నాయన చొక్కా జేబులో ఉండిపోయింది.

* * *

పాత బండి నడపడం కొత్త కోడలితో మాట్లాడటంలాంటిది. ఎక్కడ పట్టు విడవాలో, ఎక్కడ బిగించాలో మొదటి రోజే తెలియదు. స్టీరింగు చక్రం రెండంగుళాలు తిప్పినా ముందు చక్రాలకు ఆ కబురు అందదు. ఇంజను మా ఇద్దరి సీట్ల మధ్య ఒక పెట్టెలో ఉంది, దాని వేడి మా పిక్కల మీద ఉంది. వెనక గిన్నెలు, చెంచాలు, తలుపులు కలిసి కచేరీ చేస్తున్నాయి. గంటకు యాభై మైళ్ళ మీద పోతుంటే, ఎనభై మీద పోయే బళ్ళు మమ్మల్ని దాటుతూ చెయ్యి ఊపుతున్నాయి. చిన్నపిల్లలైతే కిటికీలకు ముక్కులు ఆనించి మరీ చూస్తున్నారు.

దారి దక్షిణానికి. కుడిచేతివైపు స్పానిష్ పీక్స్ అనే జంట శిఖరాలు, అందులో పడమటిది 13,626 అడుగులు. జూన్ నెలలో కూడా నెత్తిన మంచు చారలున్నాయి. వాల్సెన్‌బర్గ్ దాటి ట్రినిడాడ్ చేరితే అక్కడ బల్లపరుపు తలతో ఫిషర్స్ పీక్ ఊరికి కాపలా కాస్తున్నట్టుంటుంది. అక్కడినుంచి రటోన్ కనుమ ఎక్కాలి. కొలరాడో, న్యూ మెక్సికోల మధ్య సరిహద్దు ఆ కనుమే. ఎత్తు 7,834 అడుగులు.

ఈ కనుమకు పాత కథ ఉంది. మిసోరీనుంచి శాంటా ఫే పట్నానికి 1821 మొదలుకొని, 1880లో అక్కడికి రైలు వచ్చేదాకా, గుడారపు బళ్ళు కట్టుకొని వర్తకులు నడిచిన దారి శాఖ ఒకటి ఇందులోనుంచే పోయింది. రాళ్ళ మధ్య బండి దింపాలంటే ప్రాణం మీదికి వచ్చేది. 1860లలో డిక్ వూటన్ అనే ఘటికుడు ఇక్కడ 27 మైళ్ళ రోడ్డు వేయించి, ఇంటి ముందు అడ్డుకర్ర కట్టి, సుంకం వసూలు చేసుకున్నాడు. తర్వాత రైలు కంపెనీ వచ్చి ఆ దారిని పుచ్చుకుంది. ఇప్పుడు నున్నటి నాలుగు వరసల రోడ్డు. సుంకం లేదు, వాలు మాత్రం అలాగే ఉంది.

ఎక్కడం బాగానే ఎక్కింది. ఎడ్లబండిలా మెల్లగా, ఇంజను గుర్రుమంటూ. పైకి రాగానే నా ప్రాణం కుదుటపడి, “ఇంక దిగుడే కదా నాయనా” అన్నాను. ఆయన పలకలేదు.

నాకు తెలిసిన కార్లలో దిగుడంటే బ్రేకు మీద కాలు పెట్టుకొని కూర్చోవడమే. అదే చేశాను. ఒక వంపు, రెండో వంపు. నాలుగు టన్నుల ఇల్లు వెనకనుంచి తోస్తోంది. ఏదో కాలిన వాసన వచ్చింది. వెనక గ్యాసు పొయ్యేమో అనుకున్నాను. మరో వంపు తిరిగేసరికి ఇందాక సగంలో పట్టిన బ్రేకు పెడలు ఇంకా కిందికి పోయింది. మళ్ళీ తొక్కితే ఇంకా కిందికి. చేతులు చల్లబడ్డాయి.

నాయన గొంతు పెంచలేదు. స్టీరింగు పక్కనున్న గేరు కడ్డీ వైపు చూపించాడు.

“ఈ బండికి గేర్లు వేయాల్సిన పని లేదంటివే. మరి అక్కడ డి పక్కన రెండు, ఒకటి అని ఎందుకు రాసినారు?”

“తెలియదు నాయనా!”

“రెండులోకి దించు. కాలు తియ్యి, మళ్ళీ తొక్కు. అట్లే పట్టుకోనుండొద్దు.”

దించాను. ఇంజను ఒక్కసారి అరిచింది. అరిచి, ఎవరో వెనకనుంచి తోక పట్టుకున్నట్టు బండి నిదానించింది. అటోఇటో పోతున్న నా ప్రాణం తిరిగి వచ్చింది. రోడ్డు పక్క వెడల్పు జాగా కనబడగానే తీసి ఆపాను. దిగి చూస్తే చక్రాల దగ్గర పొగ సన్నగా లేస్తోంది. నేను నీళ్ళసీసా తెచ్చి పోయబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. “కాలిన ఇనుము మీద నీళ్ళు పోస్తే పగులుతుంది. కూచో. దానంతటది చల్లారనీ.”

అరగంట కూర్చున్నాం. పులిహోర పొట్లం విప్పాం. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే లోపలి డ్రమ్ములు కాగిపోతాయి, లైనింగు పట్టు తప్పుతుంది, నూనె కూడా మరిగి ఆవిరైతే పెడలు ఉత్తదవుతుంది. ఈ సంగతి పుస్తకాల్లో నేనూ చదివాను. చదివింది కాలికి చేరలేదు.

“మాకు కొండ మీద ఒకటే మాట నేర్పినారు” అన్నాడు నాయన. “ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లోనే దిగల్ల. బ్రేకు ఆపడానికి, గేరు దిగడానికి. నువ్వు బ్రేకుతో దిగాలనుకుంటివి.” తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఈ బండిలోనే కదా అమ్మను కూర్చోబెట్టాలనుకున్నాను! అమ్మ వెనక కూర్చొని చారు కాచుకుంటుండగా ఈ పెడలు కిందికి పోయి ఉంటే? ఆ ఆలోచన రాగానే పులిహోర గొంతు దిగలేదు.

“అమ్మేద్దామా నాయనా, ఇంటికి పోంగానే?” అన్నాను.

“బండి తప్పు ఏముంది ఇందులో?” అన్నాడు. చెయ్యి కడుక్కొని లేచాడు.

* * *

రటోన్ దాటితే లోకం మారిపోతుంది. కొండలు వెనక్కిపోయి బయలు మొదలవుతుంది. ఆ బయలు మధ్య కపులిన్ అనే అగ్నిపర్వతం, కుంకుమరాశి పోసినంత ముద్దుగా ఒంటరిగా నిలబడి ఉంటుంది. సుమారు 60 వేల ఏళ్ళ కిందట నిప్పులు కక్కి ఊరుకుంది. దానికి దూరంనుంచే నమస్కారం పెట్టి, పొద్దు వాలేవేళకు క్లేటన్ అనే చిన్న ఊరు చేరి, ఊరికి ఉత్తరాన చెరువుగట్టున ఉన్న ప్రభుత్వ ఉద్యానంలో మకాం వేశాం.

ఫ్రిజ్ వెలిగించాలి. అవును, వెలిగించాలి. ఈ ఫ్రిజ్ గ్యాసు మంటతో పనిచేస్తుంది. మంట వేడికి నీళ్ళలో కరిగిన అమ్మోనియా విడివడి, గొట్టాలలో తిరిగి, చల్లారి, ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు, ఫాన్ ప్లాటెన్, మున్టర్స్ అనేవాళ్ళు, కనిపెట్టిన యుక్తి ఇది. నిప్పు పెడితే మంచు పుడుతుందంటే నాయన ఎంతమాత్రం నమ్మలేదు. మరునాటి పొద్దున మజ్జిగ తాగి నమ్మాడు. ఒకటే షరతు: బండి సమంగా నిలబడాలి. ఒరిగితే గొట్టాలలోని ద్రవం దారి తప్పి, ఫ్రిజ్ పాడవుతుంది.

సమంగా ఉందో లేదో తెలిసేదెట్లా? నాయన జేబులోనుంచి ఐదో నిమ్మకాయ తీసి నేల మీద పెట్టాడు. అది దొర్లుకుంటూ తలుపు దాకా పోయింది. తలుపువైపు చక్రాల కింద చెక్కపలకలు పెట్టి, బండి ఎక్కించి, మళ్ళీ కాయ పెట్టాం. ఈసారి వెనక్కి దొర్లింది. నాలుగోసారికి కాయ కదలకుండా నిలబడింది. “దిష్టికని ఇచ్చింది మీ అమ్మ. దీనికీ పనికొచ్చె” అని నవ్వాడు. రటోన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ చెరువు అలుగు దగ్గర ఒక వింత ఉంది. 1982లో వరద వచ్చి అక్కడి మట్టిని కొట్టుకుపోతే, కిందనున్న రాతి మీద రాక్షసబల్లుల అడుగుజాడలు బయటపడ్డాయి. వందలకొద్దీ జాడలు, సుమారు పది కోట్ల ఏళ్ళనాటివి. ఎప్పుడో సముద్రపుటొడ్డు బురదలో అవి నడిచిపోతే, ఆ బురద రాయైపోయింది. సాయంకాలపు ఏటవాలు వెలుగులో ఒక్కొక్కటీ నీడ నింపుకొని స్పష్టంగా కనిపిస్తుంది. నాయన గట్టు వెంట నడుస్తూ, “ఇది పెద్దది. ఇది పిల్లది. ఇక్కడ జారింది చూడు” అంటూ చాలాసేపు చూశాడు.

తెల్లవారుజామున మెలకువ వచ్చింది. పక్క ఖాళీగా ఉంది. లేచి చూస్తే నాయన డ్రైవరు సీట్లో కూర్చొని ఉన్నాడు. తాళం లేదు, ఇంజను లేదు. రెండు చేతులూ స్టీరింగు మీద, చూపు చెరువు మీద. నేను లేచిన అలికిడి విని చేతులు తీసేశాడు.

“దారిలో జనం లేనిచోట కాసేపు తోలుతావా?” అని అడిగాను.

“వద్దులే. నా డ్యూటీ అయిపాయె” అన్నాడు. కాస్త ఆగి, “సీటు బాగుంది” అన్నాడు.

* * *

క్లేటన్ దాటగానే టెక్స్‌లైన్. అక్కడ టెక్సాస్ మొదలు, గడియారం గంట ముందుకు. ఈ నేలకూ ఒక ఇంటి కథ ఉంది. 1880లలో టెక్సాస్ ప్రభుత్వం చేతిలో భూమి ఉందిగాని డబ్బు లేదు. ఆస్టిన్‌లో శాసనసభా భవనం కట్టిపెట్టినందుకు షికాగో వ్యాపారులకు ఈ మూల 30 లక్షల ఎకరాలు రాసిచ్చింది. ఆ భూమే ఎక్స్ఐటి అనే పశువుల మంద అయింది. భవనం 1888లో పూర్తయింది. ఒక ఇంటికి మూడు పది లక్షల ఎకరాలు! మాది చవకేనని ధైర్యం వచ్చింది.

డాల్‌హార్ట్ దగ్గర పశువుల దొడ్ల వాసన బండినిండా నిండింది. నేను కిటికీ మూయబోతే నాయన “ఉండనీ, మనూరి వాసన” అన్నాడు. అమరిల్లో దాకా గాలి మాతో కుస్తీ పట్టింది. పెద్ద లారీ దాటిపోయేటప్పుడు ముందు మమ్మల్ని అవతలికి నెట్టి, తర్వాత తనవైపు లాక్కొనేది. అప్పటికి నాకూ కొంచెం తెలిసివచ్చింది. అద్దంలో లారీ కనబడగానే వేగం కాస్త తగ్గించి, స్టీరింగు గట్టిగా కాక నిదానంగా పట్టుకుంటే, బండి ఒకసారి ఊగి సర్దుకుంటుంది. ఎస్టెలీన్ దాటాక ఎర్ర నది వచ్చింది. నీళ్ళకన్న ఇసుకే ఎక్కువ. “మన స్వర్ణముఖి” అన్నాడు నాయన, చుట్టాన్ని చూసినట్టు. ఆ రాత్రి చిల్డ్రెస్‌లో పడుకున్నాం.

మూడోరోజు ఎండ మండిపోయింది. వెర్నన్‌లో పెట్రోలు పోయించి తాళం తిప్పితే బండి ఉలకదు పలకదు. ఇంజను తిరుగుతోంది, అంటుకోదు. నేను ఫోను తీసి లాగుడుబండి వాళ్ళకోసం వెతుకుతున్నాను. నాయన తువ్వాలు తడుపుకొని వచ్చి, “పెట్రోలు పంపు యాడుంది చూపించు” అన్నాడు. టాక్సీ తోలిన రోజుల్లో ఎండాకాలం ఇదే బాధట. ఇంజను ఆపిన కాసేపటికి వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ఆవిరిని లాగలేదు. తడిగుడ్డ చుట్టి చల్లబరిస్తే ఆవిరి మళ్ళీ పెట్రోలవుతుంది. పావుగంట ఆగి తాళం తిప్పాను. అంటుకుంది! పక్కనే నిలబడి చూస్తున్న ఒక ముసలి రైతు టోపీ ఎత్తి నాయనకు వందనం చేశాడు. నాయన కూడా తువ్వాలు ఎత్తాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

* * *

విచిటా ఫాల్స్, డికేటర్ దాటి, పొద్దుగూకేవేళకు మా వీధిలోకి తిరిగాం. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకుంటోంది. అమ్మ చుట్టూ తిరిగి చూసి, “ఇది ఇల్లా, బండా?” అని అడిగింది. చిన్న ప్రశ్న కాదు. బండి అయితే నిమ్మకాయలు చాలు. ఇల్లు అయితే పాలు పొంగించాలి. చర్చ జరిగి, పొయ్యి ఉన్నది కనక ఇల్లేనని తేలింది. మరునాడు ఉదయం ముహూర్తం.

రాత్రి అందరూ పడుకున్నాక వాకిట్లో చప్పుడైంది. వెళ్ళి చూస్తే నాయన టార్చిలైటు పట్టుకొని చక్రాల కింద చెక్కపలకలు సర్దుతున్నాడు. “ఫ్రిజ్ కోసమా?” అన్నాను. నోటిమీద వేలు పెట్టుకొని, నన్ను లోపలికి పిలిచి, బండిని ఒక్క అడుగు పలకల మీదికి ఎక్కించమన్నాడు. ఎక్కించాను. పొయ్యి పక్క బల్ల మీద నిమ్మకాయ పెట్టాడు. అది మెల్లగా, చెప్పినమాట వినే పిల్లాడిలా, తూర్పువైపు దొర్లింది.

పొద్దున అమ్మ కొత్తగిన్నెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి పాలు పోసింది. పొయ్యి వెలిగింది. బండినిండా మేమందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పాలు లేచాయి, అంచుదాకా వచ్చాయి, నురగ కట్టి తూర్పుకే పొంగాయి.

“చూస్తిరా! ఎంత శుభమో!” అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. “ఇంక ఆ లోయకు ఎప్పుడు పోదాం?”

నాయన నావైపు చూడలేదు. నిమ్మకాయ జేబులో వేసుకొని, “దిగేటప్పుడు రెండులో దిగుతానంటే రేపే పోదాం” అన్నాడు.